పచ్చి కలపను ఆరబెట్టి నిలవ చేసుకోవడం: బెంగళూరులో కొయ్యపని చేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్, మే నెలల్లో గాలీ వానా కలిసి వచ్చిన ప్రతిసారీ బెంగళూరులో చెట్లు కూలుతాయి. నిద్రగన్నేరు, తురాయి, సిల్వర్ ఓక్, మహాగని, కానుగ, పెరళ్లలోని మామిడి, పనస, వేప ఇలా నేలకొరిగిన మాన్లలో చాలా భాగం కట్టెల కిందే పోతుంది. అదే ఊళ్లో కొయ్యపని నేర్చుకుంటున్నవారు దూరదేశాల చెక్కను ఘనపుటడుగుల లెక్కన కొనుక్కుంటున్నారు. పచ్చి మానును పగలకుండా, మెలితిరగకుండా, పుచ్చకుండా ఆరబెట్టే పద్ధతి తెలిస్తే ఆ కర్రే బల్లగా, బీరువాగా, పీటగా మారుతుంది. ఆ పద్ధతిని చెట్టు పడిన రోజు నుంచి పలక చిత్రికకు సిద్ధమయ్యేదాకా క్రమంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరబెడితే చాలని చాలామంది చెబుతారు. అది చలిదేశాల అనుభవం నుంచి వచ్చిన ముతక లెక్క. ఇక్కడ ఫిబ్రవరిలో పేర్చిన అంగుళం పలకకు అంత కాలం అక్కర్లేదు. తేమ పట్టే మూల, గాలి తగలకుండా పడేసిన పలక మాత్రం ఏడాది గడిచినా పనికి రాదు. కర్ర ఆరిందో లేదో చెప్పేది క్యాలెండర్ కాదు, త్రాసు. అందువల్ల ఈ వ్యాసంలో తూకానికే ఎక్కువ చోటిచ్చాను.

కర్ర ఎందుకు పగులుతుంది

పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలు భాగంలో కొంత, కణాల గోడల్లో కొంత. బోలులోని నీరు పోయేటప్పుడు బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. అది పూర్తిగా పోయి, తేమ దాదాపు 28 నుంచి 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు తగ్గడం మొదలవుతుంది, అప్పటి నుంచే కర్ర కుదించుకుంటుంది. ఆ కుదింపు అన్ని వైపులా ఒకే తీరుగా ఉండదు. పొడవులో దాదాపు ఉండదు. నడిమధ్య నుంచి బెరడు వైపు కొంత ఉంటుంది. మాను అడ్డుకోతలో కనిపించే వలయాల వెంట దానికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. దుంగను దుంగగానే వదిలేస్తే బెరడు నుంచి దవ్వ (మాను నడిమధ్యనుండే మెత్తని భాగం) దాకా నిలువునా బీట తీసేది ఈ తేడా వల్లనే. దీనికి తోడు పలక పైపొర లోపలి పొరకంటే ముందు ఆరి బిగుసుకుంటుంది. లోపల ఇంకా ఉబ్బి ఉన్న కర్ర దాన్ని కుదించుకోనివ్వకపోవడంతో పైన సన్నని పగుళ్లు పుడతాయి. ఆరబెట్టడమంటే నీటిని త్వరగా పంపేయడం కాదు, పై పొరకూ లోపలి పొరకూ మధ్య తేడా మితిమీరకుండా చూసుకోవడం.

మాను చేతికి వచ్చేముందు

రోడ్డు పక్కన కూలిన చెట్టు ప్రజల ఆస్తి. దాన్ని నగరపాలక అటవీ విభాగం వేలం ద్వారా గానీ, ఆ వేలంలో కొన్న అడితి ద్వారా గానీ తీసుకోవాలి. మన స్థలంలోని చెట్టే అయినా, కొట్టేముందు 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ఆ జాతికి వృక్షాధికారి అనుమతి అవసరమైతే పొందాలి. చిత్తూరు, అనంతపురం, హిందూపురం వైపు సొంత తోటలో కొట్టిన మామిడినో వేపనో బెంగళూరుకు తెచ్చుకోవాలనుకునేవారు ఆ జాతికి రవాణా అనుమతి అవసరమా కాదా అన్నది లారీ ఎక్కించకముందే రెండు రాష్ట్రాల అటవీ శాఖలనూ అడగడం మంచిది. ఏ జాతో తెలియని మాను దొరికితే మల్లేశ్వరంలోని కలప పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు. ఐడబ్ల్యుఎస్‌టి అని అందరూ పిలిచే ఆ కేంద్రప్రభుత్వ సంస్థ చిన్న ముక్కను బట్టి కలప జాతిని గుర్తిస్తుంది.

మానును ఎంచుకునేటప్పుడు నిటారుగా పెరిగిన కాండానికే ప్రాధాన్యం ఇవ్వండి. ఒరిగి పెరిగిన మానులోనూ, అడ్డంగా సాగిన లావాటి కొమ్మల్లోనూ పైవైపు కర్ర లాగుడుకు గురై పెరుగుతుంది. అది ఆరేటప్పుడు పొడవులో కూడా కుదించుకుని, ఎంత జాగ్రత్తగా పేర్చినా పలకను విల్లులా వంచేస్తుంది. కొమ్మలు చూడడానికి ఎంత లావుగా ఉన్నా గిన్నెలకూ, లేత్ మీద తిప్పి చేసే చిన్న పనులకూ మాత్రమే వాడుకోవాలని నా సలహా.

జాతిని బట్టి తొందర కూడా మారుతుంది. మామిడికి ఓపిక లేదు. బెరడుతో అలాగే వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నీలినలుపు చారలు లోపలికి పాకుతాయి, పురుగూ చేరుతుంది. టేకు, పనస చేవ నిదానంగా కోసినా తట్టుకుంటాయి. నిద్రగన్నేరు ఆరబెట్టడం కొత్తగా నేర్చుకునేవారికి నేను మొదట చెప్పే కర్ర. పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా అది వలయాల వెంట దాదాపు 3.4 శాతమే కుదిస్తుంది, టేకు 5.8 శాతం దాకా కుదిస్తుంది. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ బెంగళూరు అడితుల్లో సులువుగా దొరుకుతుంది. సరైన కోత కోస్తే దాని ముఖం మీద జరీ పనిలాంటి మెరుపు చారలు వస్తాయి. అయితే సిల్వర్ ఓక్ పొట్టు కొందరికి చర్మంపై దద్దుర్లు తెస్తుంది, నిద్రగన్నేరు పొట్టు ముక్కునూ గొంతునూ మండిస్తుంది. కోసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

మొదటి పని: చివరలకు పూత

దుంగను రంపం దగ్గరికి పంపే ముందే దాని రెండు చివరలనూ మూసేయాలి. కర్రలోని గొట్టాలన్నీ అక్కడ తెరుచుకుని ఉంటాయి. పలక ముఖం నుంచి కంటే చివర నుంచి నీరు పదింతలకు పైగా వేగంగా పోతుంది. మొండెం కోసిన రోజే పూత పడాలి, మరుసటి వారం పూస్తే అప్పటికే పుట్టిన సన్నని బీటను కప్పిపెట్టినట్లవుతుంది తప్ప ఆపినట్లు కాదు. మైనం ఎమల్షన్ దొరికితే అదే ఉత్తమం. దొరకకపోతే ఇంట్లో మిగిలిన ఎనామెల్ పెయింటును ఒత్తుగా రెండు మూడు పూతలు వేయండి. పారఫిన్ మైనం కూడా బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని నేరుగా మంట మీద కరిగించకూడదు. వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. నీళ్లతో కలిపే గోడ డిస్టెంపర్ వల్ల ఉపయోగం లేదు. ఎంత పూసినా చివర కొంత పగులుతుంది గనుక, కావలసిన పొడవుకంటే ఒక్కో చివర 10 నుంచి 15 సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోవాలి.

కోత

మైసూరు రోడ్డు వైపు కలప మిల్లుల్లో దుంగను కోయించుకోవచ్చు. నగరంలోని చెట్లలో మేకులు, తీగలు, పాత బోర్డుల స్క్రూలు దాగి ఉంటాయని మిల్లు వారికి తెలుసు గనుక, వీధి చెట్టు అంటేనే కొందరు ముట్టుకోరు. లోహాన్ని గుర్తించే చిన్న పరికరంతో దుంగ చుట్టూ వెతికి, అనుమానమున్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి తీసుకెళితే వారికీ నమ్మకం కలుగుతుంది. చివరల్లో ఎక్కడైనా నీలినలుపు మచ్చ కనిపిస్తే ఆ నిలువు వరుసలో ఇనుము ఉందేమో వెతకాలి. ఇనుము ఉంటే కర్రలోని వగరు పదార్థం దానితో కలిసి ఆ రంగు పుట్టిస్తుంది, అది నార వెంట మేకుకు పైనా కిందా చాలా దూరం పాకుతుంది.

దవ్వ ఏ పలకలోనూ ఉండకూడదు. దవ్వ నడిమధ్యన ఉన్న పలక తప్పకుండా బీటలిస్తుంది. దాన్ని రెండుగా చీల్చి, దవ్వ భాగం తీసేయించండి. దుంగను పై నుంచి కిందికి వరుసగా కోస్తే వెడల్పు పలకలు వస్తాయి, వృథా తక్కువ, కానీ ఆరేటప్పుడు అంచులు పైకి లేస్తాయి. నాలుగు భాగాలు చేసి వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేట్లు కోస్తే పలకలు సన్నబడతాయి, ఖర్చు పెరుగుతుంది, కానీ చదునుగా ఆరతాయి. సిల్వర్ ఓక్‌ను రెండో పద్ధతిలో కోయించడమే న్యాయం. మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. చిత్రిక పట్టాక అంగుళం నికరంగా కావాలంటే అంగుళంపావు, అంటే 32 మిల్లీమీటర్లు కోయించాలి.

పురుగు మందు

చేవ చుట్టూ ఉండే తెల్లటి లేతకర్రలో పిండిపదార్థం ఉంటుంది. పుచ్చు పురుగుకు అదే ఆహారం. మామిడి, నిద్రగన్నేరు లేతభాగానికి ఈ బెడద ఎక్కువ. పలకలు ఇంకా పచ్చిగా ఉండగానే బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ ఆమ్లం రెండు పాళ్లు కలిపి, మొత్తం కిలో పొడిని పది లీటర్ల వేడినీటిలో కరిగించి, పలకలను అందులో ముంచడమో, బ్రష్షుతో రెండు మూడు సార్లు పట్టించడమో చేయాలి. తర్వాత వాటిని సందు లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి, పాలిథీన్ కప్పి రెండు వారాలు ఉంచితే మందు తడి ద్వారా లోపలికి పాకుతుంది. ఆ రోజుల్లో పైన బూజు కనిపిస్తే తుడిచేయండి. ఎండిన కర్రకు ఇదే మందు పూస్తే పైపైనే ఉండిపోతుంది. చేవ దీన్ని దాదాపు పీల్చదు. వానలో తడిస్తే మందు కొట్టుకుపోతుంది. కూరగాయలు తరిగే పలకలకూ, తినే గిన్నెలకూ ఈ మందు వాడకండి. వాటికి లేతభాగం పూర్తిగా తీసేసి చేవనే ఎంచుకోండి.

పేర్పు

ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోటు కావాలి. ఖాళీ సైటులో రేకుల షెడ్డు ఉంటే అదే చాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు మూడడుగుల ముక్కలు ఆరబెట్టుకోవచ్చు గానీ, ఎనిమిదడుగుల పలకలకు స్నేహితుల స్థలమో, ఊరిబయట షెడ్డో చూసుకోవడం ఉత్తమం. మేడ మీద ఖాళీగా వదిలితే మార్చి ఎండకు పలకలు వారంలో పగులుతాయి.

నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తులో సాలిడ్ బ్లాకులు పెట్టి, వాటిమీద బలమైన దూలాలు పరిచి, అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూడండి. పునాది ఏ వంపులో ఉంటే పలకలు ఆ వంపులోనే గట్టిపడతాయి, తర్వాత ఏ బరువూ దాన్ని సరిచేయలేదు. ఒక్కో వరుస మధ్య అంగుళం మందం గల ఎండిన రీపర్లను (సన్నని కర్ర బద్దలను) అడ్డంగా పెట్టాలి. రీపర్లు పచ్చివైతే అవి తాకిన ప్రతిచోటా పలకపై చార పడుతుంది, అది చిత్రికకు కూడా పోనంత లోతుకు దిగవచ్చు. మొదటి రీపరు, చివరి రీపరు పలక కొసలకు సరిసమానంగా ఉండాలి. మధ్యవి అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంలో, సన్నని పలకలకైతే అడుగు ఎడంలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కింది నుంచి పై దాకా రీపర్లన్నీ ఒకే నిలువు గీతలో ఉండి, ఆ గీత అడుగున ఉన్న దూలం మీదికి దిగాలి. ఈ ఒక్క నియమం తప్పినందువల్ల పాడైన పేర్పులే నాకు ఎక్కువగా కనిపించాయి. ఒకే మందం పలకలనే ఒక వరుసలో పెట్టాలి, పక్కపక్క పలకల మధ్య వేలు పట్టేంత సందు వదలాలి, పై వరుస మీద రీపర్ల గీత వెంటే బ్లాకులు పేర్చి బరువు మోపాలి.

కప్పు పేర్పుకంటే అడుగు మేర అన్ని వైపులా బయటికి ఉండాలి. టార్పాలిన్‌ను చుట్టూ బిగించి కట్టకూడదు. లోపల ఉక్కపోసి బూజు పడుతుంది.

బెంగళూరు రుతువులను వాడుకోవడం

గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్ర సుమారు 16 శాతం తేమ దగ్గర ఆగుతుంది. 65 శాతం ఉంటే 12 దగ్గర, 50 శాతం ఉంటే 9 దగ్గర ఆగుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో జూన్ నుంచి నవంబరు మొదటి వారాల దాకా వానగాలులు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొడిగాలులు. ఈ రెంటినీ అనుకూలంగా మలచుకోవచ్చు.

మే నెలలో కూలిన చెట్టును వెంటనే కోయించి పేర్చితే, పచ్చిదనం ఎక్కువగా ఉండే మొదటి నెలలు వానాకాలంలో గడుస్తాయి. ఆరడం నిదానంగా జరుగుతుంది గనుక పగుళ్లు తక్కువ, బూజు మాత్రం ఎక్కువ. అందువల్ల ఆ నెలల్లో పేర్పు పక్కలు పూర్తిగా తెరిచి, వాన జల్లు మాత్రం పడకుండా చూడాలి. గాలి స్తంభించిన రోజుల్లో ఫ్యాను పెట్టినా మంచిదే. బోలులోని నీరంతా పోయిన ఆ పలకలు ఫిబ్రవరి పొడిగాలిని ఏ ప్రమాదం లేకుండా తట్టుకుని చివరి తేమను వదులుతాయి. దీనికి విరుద్ధంగా ఫిబ్రవరి, మార్చిల్లో పచ్చి పలకలు పేర్చవలసి వస్తే, గాలి వచ్చే వైపు నర్సరీల్లో వాడే ఆకుపచ్చ నీడవలను రెండు మడతలుగా కట్టండి, మొదటి మూడు నాలుగు వారాలు గాలి వేగాన్ని తగ్గించండి, పలకల ముఖాలను రోజూ చూడండి. వెంట్రుక సన్నని గీత కనిపించిన రోజునే మరో మడత వేయాలి.

తూకం

ఇక అసలు విషయానికి వద్దాం. పేర్పులో అన్నిటికంటే మందంగా, పచ్చిగా ఉన్న పలకల నుంచి ఒకటి ఎంచుకోండి. దాని కొస నుంచి అడుగు దూరం వదిలి, ముప్పై అంగుళాల నమూనా పలకను కోయండి. ఆ నమూనాకు రెండు చివరల పక్కనే, పలక పొడవు వెంట అంగుళం ఉండే ముక్క ఒక్కొక్కటి తీయండి. ఈ ముక్కలను కోసిన వెంటనే, చేతి తేమ తగలకముందే, గ్రాము తేడా కూడా చూపే త్రాసులో తూచి ఆ బరువును పెన్సిలుతో ముక్క మీదే రాయండి. తర్వాత ఓవెన్‌లో 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, రెండు తూకాల మధ్య బరువు మారనంతవరకు ఉంచండి. సాధారణంగా ఒక రోజు పడుతుంది.

ఒక ముక్క పచ్చిగా 150 గ్రాములు, ఎండాక 96 గ్రాములు తూగిందనుకుందాం. పోయిన నీరు 54 గ్రాములు. దాన్ని ఎండిన బరువుతో, అంటే 96తో భాగించి నూటితో గుణిస్తే 56.25 శాతం తేమ. భాగించేది ఎండిన బరువుతోనే గనుక కొన్ని పచ్చి కర్రల్లో ఈ అంకె 100 దాటుతుంది, దాన్ని చూసి లెక్క తప్పిందనుకోనక్కర్లేదు. రెండు ముక్కల సగటు తీసుకోండి. అదే రోజు నమూనా పలక 4.5 కిలోలు తూగితే, దాన్ని 1.5625తో భాగించగా దాని ఎండు బరువు 2.88 కిలోలని తెలుస్తుంది. మనకు కావలసింది 12 శాతం తేమ అయితే, 2.88ను 1.12తో గుణిస్తే 3.23 కిలోలు. ఈ అంకెను నమూనా పలక మీద పెద్దగా రాయండి. ముప్పై అంగుళాల పలకలోంచి కిలోంపావు నీరు బయటికి పోవాలన్నమాట.

నమూనా చివరలకు పూత వేసి, రీపర్లలో చిన్న గాడి తీసి, లాగితే బయటికి వచ్చేట్లు పేర్పులో పెట్టండి. మొదటి నెల వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి తూచి తేదీతో సహా రాసుకోండి. బరువు పడిపోయే వేగం చూస్తే చాలు, నీడవల వేయాలో తీయాలో అర్థమవుతుంది. వరుసగా మూడు తూకాల్లో బరువు కదలకపోతే ఆ చోట గాలి ఇవ్వగలిగినంత ఆరినట్లే. ఆ బరువు లక్ష్యానికి ఇంకా పైనే ఉంటే పలకలను ఇంట్లోకి మార్చాల్సిన సమయం వచ్చింది. రెండు సూదుల తేమ మీటరు దీనికి తోడుగా పనికొస్తుంది, బదులుగా కాదు. 30 శాతం పైన అది చూపే అంకెను నమ్మకూడదు, జాతిని బట్టి సవరణ చేయాలి, మందపాటి పలకల్లో పైపొర తేమనే చెబుతుంది.

తొందర ఉన్నవారు పలకలను కొన్ని నెలలు గాలికి ఆరబెట్టి, చివరి దశకు కొలిమి గదికి, అంటే వేడిగాలితో కలపను ఆరబెట్టే గదికి ఇవ్వవచ్చు. కర్ర నడిమధ్య 56 డిగ్రీల వేడి అరగంట నిలిస్తే పురుగులు చస్తాయన్నది దీనివల్ల కలిగే మరో లాభం. అయితే అక్కడ తొందరపడి ఆరబెట్టిన పలక లోపల బిగువు మిగిలిపోతుంది. తీసుకునేటప్పుడు ఒక పలక నుంచి అడ్డంగా సన్నని ముక్క కోయించి, మధ్యభాగం తీసేసి రెండు కాళ్లు మిగిల్చి చూడండి. ఆ కాళ్లు లోపలికి ముడుచుకుంటే ఆ కలపను చీల్చినప్పుడు రంపాన్ని పట్టేస్తుంది. ఆవిరి పట్టించి బిగువు తీయమని అడగాలి.

నిలవ

ఆరిన పలక మళ్లీ తేమ పీల్చుకుంటుంది. మార్చిలో 10 శాతానికి దిగిన పలక షెడ్డులోనే ఉండిపోతే ఆగస్టుకు 14 దాటుతుంది. అందుకే లక్ష్యం చేరిన పలకలను వానలకు ముందే గదిలోకి చేర్చాలి. పూర్తిగా ఆరాక రీపర్లు తీసేసి, పలకను పలక మీద బిగువుగా పేర్చి, గోడకు అరడుగు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచి, పైన పాత దుప్పటి కప్పండి. వంటగదికి, స్నానాల గదికి ఆనుకున్న గోడ పక్కన వద్దు. నిలువుగా ఆనించి పెట్టడం కొద్ది రోజులకైతే సరే, నెలలకైతే పలక వంగుతుంది. ఒక్కో పలక చివర జాతి, కోసిన నెల, చివరి తేమ శాతం రాయండి.

చేసే వస్తువు ఎక్కడ ఉండబోతుందో కూడా ముందే ఆలోచించాలి. చెన్నైలో ఉండే బంధువులకు ఇచ్చే బల్లకు 12 శాతం కర్ర కొంచెం ఉబ్బుతుంది, అనంతపురం వెళ్లే బల్లకు అదే కర్ర కుదించుకుంటుంది. మామిడి వలయాల వెంట సుమారు 5.5 శాతం కుదిస్తుంది. దాన్ని 30 శాతం తేమకు పంచితే తేమ ఒక శాతం తగ్గినప్పుడు వెడల్పు 0.18 శాతం తగ్గుతుంది. 600 మిల్లీమీటర్ల వెడల్పు బల్లపలకలో తేమ 12 నుంచి 9కి దిగితే 3 మిల్లీమీటర్లకు పైగా కదలిక అన్నమాట. ఆ కదలికకు చోటివ్వకుండా జిగురూ స్క్రూలూ బిగిస్తే పలక చీలుతుంది.

పని మొదలుపెట్టే ముందు పలకలను ఆ గదిలోనే రీపర్ల మీద రెండు వారాలు ఉంచండి. తర్వాత కావలసిన కొలతకంటే కొంచెం పెద్దగా కోసి, రెండు ముఖాలనూ సమానంగా చిత్రిక పట్టి, మరికొన్ని రోజులు ఆగి, అప్పుడు చివరి కొలతకు తీయండి. నిలవ ఉన్న పేర్పు కింద నెలకోసారి టార్చి వేసి చూడండి. నేల మీద కొత్తగా మెత్తని పిండి రాలి ఉంటే, దాని నిలువులో పైనున్న పలకలో మిల్లీమీటరు రంధ్రాలు కనిపిస్తాయి. ఆ పలకను అదే రోజు బయటికి తీసి, లేతభాగం కోసి కాల్చేసి, మిగిలిన చేవను వేరుగా పెట్టి, దానికి పైనా కిందా ఉన్న పలకలను మరో రెండు నెలలు గమనిస్తూ ఉండాలి.